జవాబు ఎంత అని అడిగే ముందు: సిరీస్, మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్‌లో ఒక కేస్ స్టడీ

పోత్తేరి, గూడువాంచేరి చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివే పిల్లలకు లెక్కలు చెప్పడం నా వృత్తి. చెన్నై బీచ్ నుంచి చెంగల్పట్టు వెళ్లే లోకల్ రైల్లో తాంబరం దాటాక ఈ ఊళ్లు వరసగా వస్తాయి. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, కడప వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో, అద్దె ఫ్లాట్లలో చాలామంది ఉంటారు. సాయంత్రం ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా తెలుగు వినబడుతుంది. వాళ్లలో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా మొదటి ఏడాది కాల్‌క్యులస్ పేపరు పట్టుకునే వస్తారు. అందులోనూ రెండు యూనిట్ల దగ్గరే ఇబ్బంది. ఒకటి అనంత శ్రేణులు, రెండోది ఒకటికి మించి చలరాశులున్న ఫంక్షన్లు.

ఇక్కడ రాస్తున్నది ఒక అమ్మాయి కేసు. ఆమె, వాళ్ల నాన్నగారు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, కాలేజీ, గుర్తుపట్టడానికి వీలైన మిగతా వివరాలు తీసేశాను. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇలాంటి పిల్లలను చూసి "ఇంటర్‌లో బట్టీ కొట్టి వచ్చారు, బేసిక్స్ లేవు" అని ఒక్క మాటలో తేల్చేయడం నేను తరచూ వింటుంటాను. ఈ అమ్మాయి జవాబుపత్రం చూస్తే ఆ మాట ఎంత తప్పో తెలుస్తుంది.

వచ్చినప్పటి పరిస్థితి

కావలి వైపు పిల్ల. ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివింది. రెండో ఏడాది లెక్కల పేపర్లు టూఏ, టూబీ రెండింట్లోనూ 75కి 75. కాలేజీలో మధ్యమధ్యలో పెట్టే సైకిల్ టెస్ట్‌లలో మొదటిదాంట్లో లెక్కల్లో 50కి 13 వచ్చాయి. ముందు ఫోన్ చేసింది వాళ్ల నాన్నగారు. "సార్, మా పాప లెక్కల్లో ఇంతవరకు ఎప్పుడూ వెనకబడలేదు. పేపర్లేమైనా తారుమారయ్యాయేమో కనుక్కోమంటారా?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాని అయోమయం ఉంది.

అమ్మాయి చెప్పింది వేరు. "ఫార్ములాలన్నీ వచ్చు సార్. టెస్టులన్నీ వరసగా చెప్పమన్నా చెప్తాను. పరీక్షలో లెక్క చూడగానే ఏది వేయాలో తెలియక టెన్షన్ వచ్చేస్తుంది." అరియర్ పడుతుందేమోనన్న భయం అప్పటికే గట్టిగా పట్టుకుంది. మన వైపు సప్లీ, బ్యాక్‌లాగ్ అనేదాన్ని ఇక్కడ అరియర్ అంటారు. ఊరు మారిన పిల్లలు తమిళం కన్నా ముందు నేర్చుకునే మాటల్లో అదొకటి.

నేను మొదట జవాబుపత్రం కాపీ తెమ్మన్నాను. మార్కులు ఎన్ని వచ్చాయన్న దానికన్నా, తప్పు ఏ చోట మొదలైందో చూడటం నాకు ముఖ్యం.

జవాబుపత్రంలో ఏముంది

లెక్క చేయడంలో ఒక్క పొరపాటు కూడా లేదు. గుర్తులు తప్పలేదు, డిఫరెన్షియేషన్ తప్పలేదు. అయినా 37 మార్కులు పోయాయి. పోయిన చోట్లు నాలుగు చెబుతాను.

మొదటిది: 1/3 + 2/5 + 3/7 + 4/9 + … అనే సిరీస్ కన్వర్జ్ అవుతుందా, అంటే కలుపుతూ పోతే మొత్తం ఒక సంఖ్య దగ్గర నిలుస్తుందా? ఆమె పక్కపక్క పదాల నిష్పత్తి చూసే రేషియో టెస్ట్ వేసింది. లిమిట్ 1 వచ్చింది. "టెస్ట్ ఫెయిల్స్" అని రాసి ఆపేసింది. పదాలు ఎటు పోతున్నాయో చూడలేదు. అవి 1/2 వైపు పోతున్నాయి. దాదాపు అర చొప్పున ఎంతకాలమైనా కలుపుతూ పోతే మొత్తం ఒకచోట నిలవడం అసాధ్యం. ఒక్క వాక్యంలో అయిపోయే లెక్క అది.

రెండోది: ఎక్స్ వై ని ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్‌తో భాగిస్తే వచ్చే ఫంక్షన్‌కి మూలబిందువు దగ్గర లిమిట్ ఎంత? ఆమె ముందు ఎక్స్ సున్నా పెట్టింది, తర్వాత వై సున్నా పెట్టింది, రెండుసార్లూ సున్నా వచ్చింది కాబట్టి లిమిట్ సున్నా అని రాసింది. వై ఈక్వల్ టు ఎక్స్ గీత మీద వస్తే 1/2 వస్తుంది. లిమిట్ లేదు.

మూడోది అదే ఫంక్షన్ మీద. మూలబిందువు దగ్గర విలువ సున్నా అని ఇచ్చి, అక్కడ అది కంటిన్యువస్ అవునా కాదా, అంటే దగ్గరికి వచ్చే విలువలూ అక్కడి విలువా ఒకటేనా కాదా అని అడిగారు. రెండు పార్షియల్ డెరివేటివ్‌లూ (ఒక చలరాశిని కదపకుండా ఉంచి ఇంకోదానితో తీసే డెరివేటివ్‌లు) ఉన్నాయని లెక్కకట్టి చూపించింది, అది సరైనదే. దాన్నిబట్టి కంటిన్యువస్ అని తేల్చింది. ఒక చలరాశి ఉన్నప్పుడు డెరివేటివ్ ఉంటే కంటిన్యుటీ ఉన్నట్టే. రెండు చలరాశులకు వచ్చేసరికి పార్షియల్ డెరివేటివ్‌లు రెండూ ఉన్నా కంటిన్యుటీ ఉండకపోవచ్చు.

నాలుగోది ఒక డబుల్ ఇంటెగ్రల్. వై స్క్వేర్ ఘాతంగా ఉన్న ఎక్స్‌పొనెన్షియల్‌ని ముందు వై తో ఇంటెగ్రేట్ చేయాలి. అర పేజీ నిండా సబ్‌స్టిట్యూషన్లు వేసి కొట్టేసి ఉంది. దానికి మామూలు ఫంక్షన్లతో రాయగల ఇంటెగ్రల్ లేదు. లేనిదాని కోసం పరీక్షలో ఎంత టైం పోయిందో ఆ కొట్టివేతలే చెబుతున్నాయి.

నాలుగు తప్పులు నాలుగు టాపిక్‌లవి. కానీ నాలుగింట్లోనూ మూలం ఒక్కటే అని నాకు అనిపించింది. "జవాబు ఎంత?" అన్న ప్రశ్నతో ఆమె మొదలుపెడుతోంది. ఈ కోర్సులో దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది: "అసలు జవాబు ఉందా?" ఇంటర్‌లో ఆ ప్రశ్న రాదు. ఎంసెట్‌లో, జేఈఈలో లెక్క ఇచ్చారంటే చాలావరకు నాలుగు ఆప్షన్లలో ఒకటి జవాబు. రెండేళ్లు రోజూ బిట్లు చేసిన పిల్లకి జవాబు ఉంటుందన్న నమ్మకం ఒంట్లోకి ఇంకిపోతుంది. ఆ నమ్మకమే ఆమెకి 75కి 75 తెచ్చింది. దాన్ని బలహీనత అని నేను అనను. ఇప్పుడు దాని ముందు ఇంకో మెట్టు చేర్చాలి, అంతే.

తెలిసిన లెక్కతోనే మొదలు

నిర్ధారణ సరైనదో కాదో చూసుకోవడానికి ఇంటర్ టూఏ లెక్కనే తీసుకున్నాను. బైనామియల్ థీరమ్‌లో ఒక లెక్క ఉంటుంది, మన పిల్లలందరూ చేసిందే: 1 + 1/3 + (1·3)/(3·6) + (1·3·5)/(3·6·9) + … మొత్తం ఎంత? ఇది చూడగానే ఆమె ముఖం వెలిగింది. 1 మైనస్ ఎక్స్‌కి మైనస్ పీ బై క్యూ ఘాతం అనే ఫార్ములాలో పీ ఈక్వల్ టు 1, క్యూ ఈక్వల్ టు 2, ఎక్స్ బై క్యూ ఈక్వల్ టు 1/3, కాబట్టి ఎక్స్ ఈక్వల్ టు 2/3, జవాబు √3. నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత ఇంకొకటి రాశాను: 1 + 1 + (1·3)/(1·2) + (1·3·5)/(1·2·3) + … అంతే వేగంగా చేసింది. ఎక్స్ 2 వచ్చింది, 1 లోంచి 2 తీసేస్తే −1, దాని వర్గమూలం కింద... అక్కడ ఆగింది. "సార్, ఇమాజినరీ వస్తోంది."

"పదాలు రాయమ్మా" అన్నాను. 1, 1, 1.5, 2.5, 4.375. పెరుగుతున్నాయి. అన్నీ ధన సంఖ్యలే, మొత్తం ఇమాజినరీ ఎలా అవుతుంది?

చాలాసేపు చూసి, "బుక్‌లో మాడ్ ఎక్స్ లెస్ దాన్ వన్ అని ఉంటుంది కదా సార్, అదేనా?" అంది. అదే. ఎక్స్ పరిమాణం 1 కన్నా తక్కువ ఉండాలని రెండేళ్లపాటు ఫార్ములా పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న ఆ షరతును ఆమె చూసింది, రాసింది, కానీ ఎప్పుడూ వాడలేదు. వాడాల్సిన అవసరం ఏ లెక్కలోనూ రాలేదు. సిరీస్ యూనిట్ మొత్తం ఆ చిన్న అక్షరాల గురించే అని చెప్పాను. అప్పటినుంచి మా పని తీరు మారింది.

రెండు కాలమ్‌లు

కొత్త టెస్ట్ ఒక్కటీ నేర్పలేదు. ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి రెండు కాలమ్‌లు పెట్టించాను. ఎడమవైపు పదం, కుడివైపు అప్పటిదాకా కలిపిన మొత్తం. సిరీస్ అంటే కుడివైపు కాలమ్ ప్రవర్తన. పిల్లలు ఎక్కువగా ఎడమ కాలమ్ చూసి కుడి కాలమ్ గురించి తీర్పు చెబుతారు.

1 + 1/2 + 1/3 + 1/4 + … వేయించాను. పది పదాలకు 2.929, వందకు 5.187, వెయ్యికి 7.485. "ఆగిపోతోంది సార్" అంది. పది లక్షల పదాలకు 14.393 అని చెప్తే ఇంకా గట్టిగా ఆగిపోతుందనే అంది. అప్పుడు 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఒరేమ్ అనే పండితుడు చేసిన వాదన చూపించాను. 1/3, 1/4 కలిపితే 1/2 కన్నా ఎక్కువ. 1/5 నుంచి 1/8 దాకా కలిపితే మళ్లీ 1/2 కన్నా ఎక్కువ. తర్వాతి ఎనిమిదీ అంతే, ఆ తర్వాతి పదహారూ అంతే. అర చొప్పున ఎన్నిసార్లయినా దొరుకుతూనే ఉంటుంది. మొత్తం 100 దాటాలంటే కలపాల్సిన పదాల సంఖ్య 44 అంకెలది. ఏ కంప్యూటరూ అక్కడిదాకా కలపలేదు, అయినా దాటుతుందని మనకు కచ్చితంగా తెలుసు. లెక్కించి చూడటానికీ నిరూపించడానికీ ఉన్న దూరం పిల్లలకు ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు.

పక్కనే 1 + 1/4 + 1/9 + 1/16 + … వేయించాను. పదికి 1.5498, వందకు 1.6350, వెయ్యికి 1.6439. ఇది నిజంగానే నిలుస్తుంది, పై (π) స్క్వేర్ బై 6 దగ్గర. గణితవేత్త ఆయిలర్ దీన్ని 1730లలో కనుక్కున్నాడు.

ఈ రెంటికీ రేషియో టెస్ట్ వేయమన్నాను. రెంటికీ 1 వచ్చింది. ఒకటి నిలుస్తుంది, ఒకటి నిలవదు, టెస్ట్ మాత్రం రెంటికీ ఒకే మాట చెప్పింది. అంటే ఆ టెస్ట్‌కి ఇక్కడ చెప్పడానికేమీ లేదు. ఎందుకు లేదో కూడా చూశాం. రేషియో టెస్ట్ మన సిరీస్‌ని గుణశ్రేణితో పోల్చి చూస్తుంది. గుణశ్రేణి పదాలు చాలా వేగంగా తగ్గుతాయి. ఈ రెండు సిరీస్‌లూ అంత వేగంగా తగ్గవు కాబట్టి ఆ కొలబద్దకు ఇవి ఒకేలా కనిపిస్తాయి. ఇంకా సన్నగా కొలిచేది కావాలి, అదే రాబే టెస్ట్. దాంతో కొలిస్తే మొదటిదానికి 1, రెండోదానికి 2 వస్తాయి. రెండోది 1 కన్నా ఎక్కువ కాబట్టి నిలుస్తుందని అదే చెప్పేస్తుంది. మొదటిదాని విషయంలో రాబే కూడా తీర్పు చెప్పలేదు, ఒరేమ్ వాదనకే వెళ్లాలి. ఒక్కో టెస్ట్ ఎందుకు పుట్టిందో తెలిశాక, ఏది వేయాలన్న టెన్షన్ చాలావరకు తగ్గింది. పదాలు సున్నాకి పోతున్నాయా అన్నది మొదటి చూపు. ఎంత వేగంగా పోతున్నాయన్నది రెండో చూపు. ఫ్యాక్టోరియల్, ఘాతాలు ఉంటే రేషియో లేదా రూట్. వట్టి ఎన్ ఘాతాలే ఉంటే నేరుగా పోల్చడం.

ఇక్కడ ఆమె ఒక ప్రశ్న వేసింది. ఈ కోర్సులో ఎవరో ఒకరు అడిగేదే: "1 + 2 + 3 + … మైనస్ 1/12 అని రామానుజన్ చెప్పారంటారు కదా సార్?" ఈ ప్రశ్నను నవ్వి వదిలేయడం నాకిష్టం ఉండదు. అప్పుడు మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తాగా ఉన్న ఆయన 1913లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో ఆ మాట ఉంది. కానీ తన సిద్ధాంతం ప్రకారం అని చెప్పే రాశాడు. మొత్తం అంటే ఏమిటో ముందు వేరే విధంగా నిర్వచించుకుని, ఆ నిర్వచనంలో వచ్చే విలువ చెప్పాడు. మన కుడివైపు కాలమ్ ప్రకారం ఆ సిరీస్‌కి మొత్తం లేదు. ఆయన షరతును వదిలేసి జవాబును మాత్రం పట్టుకుని తిరిగేది మనమే. బైనామియల్ లెక్కలో జరిగిందీ అదే కదా అని ఆమే అంది.

ఉందని తేలాక, ఎంత దగ్గరగా

మొత్తం ఉందని తెలిస్తే సరిపోదు, కొన్ని పదాలతో ఆపేస్తే ఎంత తేడా వస్తుందో కూడా తెలియాలి. దీనికి మాధవుడి సిరీస్‌ని వాడతాను. కేరళలో సంగమగ్రామానికి చెందిన మాధవుడు 14, 15 శతాబ్దాల వాడు. 1 − 1/3 + 1/5 − 1/7 + … నాలుగు రెట్లు చేస్తే π విలువ. పది పదాలతో 3.0418 వస్తుంది. వంద పదాలకు 3.1316. ఇంత నెమ్మదైన సిరీస్‌తో ఉపయోగం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

మాధవుడి పరంపరలోని వాళ్లు వదిలేసిన తోకను అంచనా కట్టారు. పది పదాల దగ్గర ఆపితే, మిగిలిన భాగానికి బదులుగా 10/401 కలపాలి. ఆ తర్వాత నాలుగు రెట్లు చేస్తే 3.14159 వస్తుంది. ఆ అమ్మాయి చేత ఈ లెక్క చేతితో చేయించాను. ఐదు దశాంశ స్థానాలు సరిపోయేసరికి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎర్రర్‌ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చన్నమాట" అంది. ఈ మాట తర్వాతి యూనిట్‌లో మళ్లీ పనికొచ్చింది.

ఆ వెంటనే ఎక్స్ స్క్వేర్‌కి మైనస్ పెట్టి ఘాతంగా ఉన్న ఎక్స్‌పొనెన్షియల్‌ని సున్నా నుంచి 1 దాకా ఇంటెగ్రేట్ చేయమన్నాను. పరీక్షలో దీని తమ్ముడి దగ్గరే ఆమె అర పేజీ పోగొట్టుకుంది. ఈసారి సిరీస్‌గా విప్పి, పదం పదం ఇంటెగ్రేట్ చేసింది: 1 − 1/3 + 1/10 − 1/42 + 1/216. మొత్తం 0.7475. తర్వాతి పదం 1/1320 కాబట్టి తేడా అంతకన్నా తక్కువే. ఫార్ములా లేని ఇంటెగ్రల్‌కి కూడా నమ్మదగిన విలువ ఇవ్వడం ఆమెకు ఇదే మొదటిసారి.

వరస మారిస్తే

సిరీస్ నుంచి రెండో యూనిట్‌కి వెళ్లడానికి నేను ఎప్పుడూ ఒకే వంతెన వాడతాను. 1 − 1/2 + 1/3 − 1/4 + … మొత్తం 0.693, అంటే నేచురల్ లాగ్ 2. ఇవే పదాలను వరస మార్చి, ఒక ధన పదం తర్వాత రెండు రుణ పదాలు వచ్చేలా రాస్తే: 1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 + … మొత్తం సరిగ్గా సగం అవుతుంది. ఒక్క పదం పోలేదు, ఒక్కటి కొత్తగా రాలేదు.

ఆమె ఒప్పుకోలేదు. స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూసి, తర్వాత చేత్తో జతలు కట్టి చూసి, అప్పుడు ఒప్పుకుంది. ఇలాంటి సిరీస్‌ని వరస మార్చి ఏ సంఖ్య కావాలంటే ఆ సంఖ్యకు తీసుకురావచ్చని రీమాన్ చూపించాడు. గుర్తులు తీసేసి కలిపినా నిలిచే సిరీస్‌లకు మాత్రం ఈ బెడద లేదు. అబ్సల్యూట్ కన్వర్జెన్స్ అని సిలబస్‌లో ఉన్న మాట అందుకోసమే. టూ మార్క్స్ ప్రశ్నగా డెఫినిషన్ బట్టీ పట్టిన పిల్లలకు ఇది అసలు దేనికో తెలియకుండానే సెమిస్టర్ అయిపోతుంది. నాకు అన్నింటికన్నా బాధగా ఉండేది అదే.

వరస మార్చడానికి అనుమతి కావాలి అన్న ఆలోచన మల్టీవేరియబుల్‌లో రెండు చోట్ల తిరిగి వస్తుంది. ముందు ఎక్స్‌తో, తర్వాత వై తో డిఫరెన్షియేట్ చేసినా, అటూ ఇటూ మార్చినా ఒకటే అని పిల్లలు కళ్లు మూసుకుని రాస్తారు. ఎక్స్ వై ని ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్‌తో గుణించి, ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్‌తో భాగించి, మూలబిందువు దగ్గర సున్నా అనుకుంటే, అక్కడ ఒక వరసలో −1, ఇంకో వరసలో +1 వస్తాయి. ఆ రెండో డెరివేటివ్‌లు అక్కడ కంటిన్యువస్ అయితేనే వరస మారినా తేడా రాదని భరోసా. డబుల్ ఇంటెగ్రల్‌లో కూడా అంతే. పరీక్షలో వదిలేసిన లెక్కను మళ్లీ తీశాం. ముందు ప్రాంతం గీయమన్నాను. సున్నా, 1 మధ్య ఒక త్రిభుజం వచ్చింది. ఫంక్షన్ కంటిన్యువస్, ప్రాంతానికి హద్దులున్నాయి, కాబట్టి వరస మార్చడానికి అడ్డం లేదు. ముందు ఎక్స్‌తో చేస్తే లోపల వై వచ్చి చేరుతుంది, ఇక సబ్‌స్టిట్యూషన్ నేరుగా పనిచేస్తుంది. e అనే సంఖ్య (దాదాపు 2.718) లోంచి 1 తీసేసి సగం చేస్తే జవాబు, దాదాపు 0.859. బొమ్మ గీయకుండా డబుల్ ఇంటెగ్రల్ మొదలుపెట్టకూడదన్న నియమం ఆ రోజు నుంచి పెట్టాను, ఆమె దాన్ని తప్పలేదు.

ఏ దారిలో వచ్చినా

లిమిట్ విషయంలో ఆమెకున్న అలవాటు బలమైనది. ఒక చలరాశిలో ఎడమ, కుడి రెండే దారులు. రెండూ చూస్తే పని అయిపోతుంది. సమతలంలో బిందువు దగ్గరికి వచ్చే దారులకు లెక్కే లేదు. తాంబరం జంక్షన్‌కి వేళచ్చేరి రోడ్డు నుంచి వచ్చినా, ముడిచ్చూర్ వైపు నుంచి వచ్చినా, జీఎస్టీ రోడ్డు మీద వచ్చినా చేరేది తాంబరమే అయితేనే అది లిమిట్ అని చెప్పాను. ఒక్క దారి వేరే ఊరికి తీసుకెళ్లినా లిమిట్ లేదు.

ఆమె వెంటనే పద్ధతి కనిపెట్టింది: వై ఈక్వల్ టు ఎం ఎక్స్ పెట్టి, జవాబులో ఎం మిగిలితే లిమిట్ లేదు, మిగలకపోతే ఉంది. సగం సరైనది. అందుకే ఎక్స్ స్క్వేర్ వై ని, ఎక్స్ నాలుగో ఘాతం ప్లస్ వై స్క్వేర్‌తో భాగించే లెక్క ఇచ్చాను. ఏ సరళరేఖ మీద వచ్చినా సున్నా. పారబోలా మీద, అంటే వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ మీద వస్తే 1/2. దారులు వేసుకుంటూ పోతే లిమిట్ లేదని చెప్పగలం, ఉందని ఎప్పటికీ చెప్పలేం. ఉందని చెప్పాలంటే అన్ని దారులనూ ఒకేసారి కట్టిపడేసే అసమానత కావాలి. పోలార్‌లోకి, అంటే మూలబిందువు నుంచి దూరం ఆర్, కోణం అనే రెంటితో రాసే పద్ధతిలోకి మార్చి, ఆర్ మాత్రమే ఉన్న హద్దు ఒకటి చూపించగలిగితే చాలు. ఇది చేయడం ఆమెకు కష్టమైంది. అసమానతలతో పనిచేయడం బిట్ల చదువులో పెద్దగా ఉండదు. ఎక్కువ సమయం దీని మీదే పెట్టాం.

గ్రేడియంట్ దగ్గర అంత శ్రమ లేకపోయింది. లోకల్ రైల్లో సిటీకి వెళ్లినప్పుడు పరంగిమలైలో దిగి సెయింట్ థామస్ మౌంట్ ఎక్కి రమ్మన్నాను. కొండ ఎత్తు దాదాపు 300 అడుగులే. పైకి రాతి మెట్లున్నాయి, వంకర తిరిగే రోడ్డు కూడా ఉంది. ఫ్రెండ్‌తో కలిసి మెట్ల మీదుగా ఎక్కి, రోడ్డు మీదుగా దిగింది. ఒకే కొండ, ఒకే ఎత్తు ఫంక్షన్. నడిచే దిక్కును బట్టి వాలు మారుతుంది. అదే డైరెక్షనల్ డెరివేటివ్. వాలు అన్నింటికన్నా నిటారుగా ఉండే దిక్కు గ్రేడియంట్. దానికి లంబంగా కొండ చుట్టూ నడిస్తే ఎత్తు మారదు, అది కాంటూర్. తిరిగొచ్చాక ఈ మూడూ తనే నాకు చెప్పింది.

ఆ కొండ దగ్గరే 1802లో బ్రిటిష్ సైనికాధికారి లాంబ్టన్ భారతదేశ సర్వేకి తొలి బేస్‌లైన్ కొలిచాడు, దాదాపు 12 కిలోమీటర్లు. ఆ ఒక్క పొడవు నుంచి కోణాలు కొలుచుకుంటూ త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ పోయారు. త్రిభుజంలో కొత్త భుజం పొడవు తెలియాలంటే బేస్‌లైన్, రెండు కోణాలు కావాలి, అంటే మూడు చలరాశుల ఫంక్షన్. మూడు కొలతల్లోనూ చిన్న చిన్న తేడాలుంటాయి. మొత్తం తేడా ఎంత? ఇంటర్ వన్‌బీలో ఎర్రర్స్ అండ్ అప్రాక్సిమేషన్స్ ఆమె బాగా చదివింది, అది ఒక్క చలరాశికి. ఇక్కడ ఒక్కో పార్షియల్ డెరివేటివ్‌ని ఆ కొలతలోని తేడాతో గుణించి కలపడమే టోటల్ డిఫరెన్షియల్. మాధవుడి దగ్గర అన్న మాట మళ్లీ అంది: ఎర్రర్‌ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

మలుపు

కేసులో అసలు మార్పు ఎక్కడ వచ్చిందని అడిగితే, నేను మ్యాగ్జిమా మినిమా లెక్క ఒకటి చూపిస్తాను. మన పుస్తకాల్లో ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ అనే పరీక్ష ఉంటుంది. ఇక్కడ ఆర్ అంటే ఎక్స్‌తో రెండుసార్లు, టీ అంటే వై తో రెండుసార్లు, ఎస్ అంటే రెంటితో ఒక్కోసారి తీసిన డెరివేటివ్. అది ధనమై, ఆర్ రుణమైతే మ్యాగ్జిమమ్, ఆర్ ధనమైతే మినిమమ్, మొత్తం రుణమైతే సాడిల్, అంటే ఒక దిక్కున పైకి, ఇంకో దిక్కున కిందికి వంగే బిందువు. ఎక్స్ నాలుగో ఘాతం ప్లస్ వై నాలుగో ఘాతం ఇచ్చాను. మూలబిందువు దగ్గర ఆర్‌టీ మైనస్ ఎస్ స్క్వేర్ సున్నా. నెల క్రితమైతే "టెస్ట్ ఫెయిల్స్" అని రాసి ఆపేసేది.

ఈసారి పెన్ను పక్కన పెట్టి, "సార్, ఇది రేషియో 1 వచ్చినట్టే కదా?" అంది. ఏమీ అనకుండా చూస్తున్నాను. "టెస్ట్ ఏమీ చెప్పలేదంటే ఫంక్షన్‌నే చూడాలి. రెండు పదాలూ ఎప్పుడూ నెగటివ్ కావు, కాబట్టి ఇక్కడ మినిమమ్. మధ్యలో ప్లస్ బదులు మైనస్ ఉంటే సాడిల్. రెంటికీ టెస్ట్ సున్నానే ఇస్తుంది." మైనస్ లెక్క నేను ఇవ్వలేదు, తనే తయారుచేసుకుంది. సిరీస్‌లో చూసిన జతను తనే రెండో యూనిట్‌లో వెతుక్కుని పట్టుకుంది. బోధన పనిలో నేను ఎదురుచూసేది ఇలాంటి క్షణం కోసమే.

ఫలితం, మిగిలిన పని

రెండో సైకిల్ టెస్ట్‌లో 50కి 34. సెమిస్టర్ పరీక్షలో అరియర్ లేకుండా గట్టెక్కింది. మార్కుల కన్నా నాకు సంతోషాన్నిచ్చింది జవాబుపత్రంలో ఇంకోటి. ప్రతి సిరీస్ లెక్క మొదట్లో పదాలు ఎటు పోతున్నాయో ఒక వాక్యం, ప్రతి డబుల్ ఇంటెగ్రల్ పక్కన ఒక బొమ్మ. పవర్ సిరీస్ (ఎక్స్ ఘాతాలతో రాసిన సిరీస్) లెక్కలో, అది ఎంత దూరందాకా నిలుస్తుందో చెప్పే రేడియస్ దగ్గర ఆగకుండా రెండు కొసలనూ విడివిడిగా చూసింది. ఒక కొస దగ్గర నిలుస్తుంది, ఇంకో కొస దగ్గర నిలవదు అని కారణంతో సహా రాసింది. వేగం తగ్గింది, ఒక పదహారు మార్కుల ప్రశ్న సగంలో ఆగిపోయింది. వాళ్ల నాన్నగారికి ఆ తగ్గిన వేగం మొదట నచ్చలేదు. ఇంటర్‌లో పేపరంతా అరగంట ముందే అయిపోయేదని చెప్పారు. షరతు చూసి రాయడానికి పట్టే టైం వృథా కాదని, వచ్చే సెమిస్టర్‌లో వెక్టర్ కాల్‌క్యులస్, ఫోరియర్ సిరీస్ రెండూ దీని మీదే నిలబడతాయని వివరంగా చెప్పాక శాంతించారు.

ఒక షరతుకు లోబడి గరిష్ఠ, కనిష్ఠ విలువలు వెతికే లగ్రాంజ్ మల్టిప్లయర్స్ పద్ధతి ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. సమీకరణాలు కట్టి సాధించడంలో ఇబ్బంది లేదు. ఎక్స్ ప్లస్ వై 10 అయినప్పుడు ఎక్స్ వై గరిష్ఠ విలువ 25 అని వెంటనే చెబుతుంది. అదే లెక్కలో కనిష్ఠ విలువ ఎంత అని అడిగితే, మల్టిప్లయర్ ఇచ్చిన ఒక్క బిందువు చుట్టూనే తిరిగింది. ఎక్స్‌ని 100, వై ని −90 చేసి చూడమన్నాక, ఎక్కడిదాకా కావాలంటే అక్కడిదాకా కిందికి పోతుందని, కనిష్ఠం లేదని చెప్పింది. గీతకు బదులు హద్దున్న మూసిన వక్రం మీద అయితే గరిష్ఠ, కనిష్ఠాలు రెండూ ఉండి తీరతాయి. ఆ తేడా ఏ షరతు వల్ల వస్తోందో ఇంకా తను చెప్పలేకపోతోంది. సెలవులకు కావలి వెళ్లే ముందు వృత్తం మీద, హైపర్బోలా మీద, సరళరేఖ మీద అదే ఎక్స్ వై ని పెట్టి లెక్కలిచ్చాను. తిరిగి వచ్చాక వాటితో మొదలుపెడతాం.